లెక్కలు ఎక్కడివో కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాలమూరు భూగర్భ జలాల మీద ఈమధ్య మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం శ్రద్ధగా రాశారు. రైతుల మాటలున్నాయి, పదేళ్ల గ్రాఫ్ ఉంది. గ్రాఫ్ కింద మాత్రం ‘ఆధారం: అధికారిక గణాంకాలు’ అని రాసి వదిలేశారు. ఏ ఆఫీసు గణాంకాలు? నీటి లోతు కొలిచే ఆఫీసు ఒక్కటే కాదు కదా. కేంద్ర భూగర్భ జల బోర్డు తన బావుల్ని ఏడాదికి నాలుగు సార్లు కొలుస్తుంది: జనవరిలో, వానలకు ముందు ఎండాకాలంలో, ఆగస్టులో, నవంబరులో. రాష్ట్ర భూగర్భ జల శాఖ తన పీజోమీటర్లలో (నీటి లోతు కొలవడానికే వేసిన బోర్లలో) నెలనెలా కొలుస్తుంది. బావులు వేరు, తేదీలు వేరు కాబట్టి రెండు లెక్కలూ నిజమే అయినా ఒకదానితో ఒకటి కలవవు. మీరు దేన్ని తీసుకున్నారో రాయకపోతే సరిచూసుకోవాలనుకున్న పాఠకుడు ఏం చేయాలి?

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస స్టూడెంట్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే లైబ్రరీలో నాకు తీరిక ఉండదు. ఒకప్పుడు పిల్లలు వచ్చి ఫలానా పుస్తకం ఉందా అని అడిగేవాళ్లు. ఇప్పుడు “మేడమ్, మా టాపిక్‌కి డేటా కావాలి” అంటున్నారు. పుస్తకమైతే ఏ బీరువాలో ఉందో చెప్పగలను. డేటా సంగతి చెప్పలేక, ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న డేటాసెట్లలో, అంటే అంకెల పట్టికల ఫైళ్లలో, మా జిల్లాకు పనికొచ్చేవి వెతికి, పుస్తకాలకు చేసినట్టే వాటికీ క్యాటలాగ్ రాయడం మొదలుపెట్టాను. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు, ఒక ఎక్సెల్ షీట్. ఆ పనిలో తెలిసిన సంగతులు మీకూ మీ పాఠకులకూ పనికొస్తాయని ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైందనిపిస్తే కత్తిరించండి, కానీ గ్రాఫ్ కింద ఆధారం గురించిన మాటను మాత్రం ఉంచండి.

ప్రభుత్వం డేటా బయటపెట్టదు అనే మాట ఇంకా చాలామంది అంటుంటారు. అందులో ఇప్పుడు సగమే నిజం. కేంద్రం 2012లో జాతీయ డేటా పంపిణీ విధానం తెచ్చింది. ప్రతి శాఖ మూడు నెలల్లో కనీసం ఐదు విలువైన డేటాసెట్లు పెట్టాలని, మిగతావి ఏడాదిలో పెట్టాలని అందులో రాశారు. ఏవి ఇవ్వకూడదో కూడా ఒక జాబితా తయారు చేసుకోమన్నారు. డేటా డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్ ఆ ఏడాదే మొదలైంది. తెలంగాణ 2016లో సొంతంగా ఓపెన్ డేటా విధానం ప్రకటించి తన పోర్టల్ తెరిచింది. 2017లో కేంద్రం ఈ డేటా వాడకానికి ఒక లైసెన్స్ కూడా ఇచ్చింది. ఎక్కడి నుంచి తీసుకున్నామో చెబితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. అంటే మా సెకండియర్ అమ్మాయికీ, హైటెక్ సిటీలో ఉన్న కంపెనీకీ ఆ ఫైల్ మీద ఒకే హక్కు ఉంది. ఫైల్ ఎక్కడుందో కంపెనీ వెతికించుకోగలదు, మా అమ్మాయి వెతుక్కోలేదు. తేడా అంతా అక్కడే వస్తోంది.

సమాచార హక్కు చట్టం అనగానే అందరికీ దరఖాస్తు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు గుర్తుకొస్తాయి. ఆ 2005 చట్టంలో నాలుగో సెక్షన్ తెరిచి చూడండి. మొదటి ఉప నిబంధనలోనే, ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన రికార్డులన్నిటికీ క్యాటలాగ్, ఇండెక్స్ తయారు చేసి ఉంచాలని ఉంది. ఎవరూ అడగకముందే ఏయే సమాచారం బయటపెట్టాలో చెప్పే నిబంధన దాని తర్వాతే వస్తుంది. చట్టం రాసినవాళ్లు ముందు జాబితా, తర్వాత సమాచారం అనుకున్నారన్నమాట. ఇరవై ఏళ్లుగా అందరం రెండో దాని గురించే మాట్లాడుకుంటున్నాం. లైబ్రేరియన్‌ని కాబట్టి నాకిది ఎక్కువ కనిపిస్తుందేమో.

దీనికి మా దగ్గరే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒక విద్యార్థి తన ప్రాజెక్టు కోసం ఒక జిల్లా ఆఫీసుకి ఆర్టీఐ పెట్టాడు. కోర్టు ఫీజు స్టాంపు అంటించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించి, గడువు దాకా కాచుకున్నాడు. జిరాక్స్ కాగితాల కట్ట వచ్చింది. అంకెలు సగం మసకబారి ఉన్నాయి. ఇద్దరు స్నేహితులు కూర్చుని వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించారు. తర్వాత కొన్నాళ్లకు నేను క్యాటలాగ్ పనిలో ఉండగా అదే పట్టిక, అవే వరుసలు, ఎక్సెల్ ఫైల్‌గా ఆ శాఖ రాష్ట్ర వెబ్‌సైట్లో దొరికింది. ‘డౌన్‌లోడ్స్’ కింద ‘ఇతరములు’ కింద, పేరు లేకుండా ఉత్త నంబరుతో ఉంది. జిల్లా ఆఫీసులో ఉన్నవాళ్లు కావాలని దాచలేదు. తమ శాఖ ఆ ఫైల్ పెట్టిందని వాళ్లకే తెలియదు. ఆ అబ్బాయి డిగ్రీ అయిపోయి వెళ్లిపోయాడు. ఫోన్ చేసి చెబితే ఒక నిమిషం మాట్లాడకుండా ఊరుకుని, “పోనీలెండి మేడమ్” అన్నాడు.

వెతకడం గురించి రెండు మాటలు. గూగుల్‌లో తెలుగులో ‘భూగర్భ జలమట్టం మహబూబ్‌నగర్’ అని కొడితే వార్తలు వస్తాయి, డేటా రాదు. డేటాసెట్ల పేర్లన్నీ ఇంగ్లీషులో, అదీ శాఖ వాళ్ల ఇంగ్లీషులో ఉంటాయి. డేటాసెట్ల కోసమే గూగుల్ 2018లో వేరే సెర్చ్ తెచ్చింది. అది బాగా పనిచేస్తుంది, కానీ ఒక షరతు మీద. డేటా పెట్టినవాళ్లు ఆ వెబ్ పేజీ లోపల, ఇది డేటాసెట్, దీని పేరు ఇది, పెట్టినవారు వీరు, ఈ సంవత్సరాలకు సంబంధించినది అని యంత్రానికి అర్థమయ్యేలా గుర్తులు పెట్టాలి. గుర్తులున్న పేజీలే అందులో కనిపిస్తాయి. మన దగ్గర చాలా అంకెలు జిల్లా ఎంచుకో, మండలం ఎంచుకో, సంవత్సరం ఎంచుకో, క్యాప్చా కొట్టు అనే పేజీల వెనకాల ఉంటాయి. ఏ సెర్చ్ ఇంజనూ ఆ డ్రాప్‌డౌన్ నొక్కదు. ఇంకొన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, పేజీ అడ్డంగా తిరిగి ఉంటుంది. నేను పిల్లలకు చెప్పే చిట్కా ఏమిటంటే, మామూలు గూగుల్‌లోనే వెతుకులాటను ప్రభుత్వ సైట్లకు పరిమితం చేసి, ఫైల్ రకం ఎక్సెల్ అని అడగండి. ఏ మెనూలోనూ లేని ఫైళ్లు పైకి వస్తాయి. నా షీట్లో మంచివి చాలావరకు అలా దొరికినవే.

చాట్‌బాట్‌ని అడిగితే చెబుతుంది కదా, ఈ క్యాటలాగ్ గోల ఎందుకని మా కంప్యూటర్స్ లెక్చరర్ అన్నారు. అడిగి చూశాం. చాలా చక్కటి పేరుతో ఒక డేటాసెట్, దానికి ఒక లింక్ ఇచ్చింది. ఆ లింక్‌లో ఏమీ లేదు, ఆ పేరుతో డేటాసెట్ ఎక్కడా లేదు. కొన్నిసార్లు సరైనదే చెబుతుంది, కాదనను. కానీ ఏది సరైనదో తేల్చుకోవడానికి మళ్లీ నా షీటే తెరవాల్సి వస్తోంది.

దొరికాక అసలు పని మొదలవుతుంది. దొరికిన ఫైల్ ఏమిటో తెలియకుండా వాడితే ఏమవుతుందో చెబుతాను.

ఒక అమ్మాయి వానల మీద ప్రాజెక్టు చేస్తూ, ఒక విదేశీ డేటా సైట్ నుంచి 1901 నుంచి 2015 దాకా నెలవారీ వర్షపాతం ఉన్న ఫైల్ దించుకొచ్చింది. దేశమంతా విద్యార్థులు వాడే ఫైలే అది. చూసి చూసి, “మేడమ్, మన రాష్ట్రం 2014లో కదా వచ్చింది, ఇందులో 1901 నుంచి తెలంగాణ అని ఎలా ఉంది?” అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! అది రాష్ట్రం పేరు కాదు. వాతావరణ శాఖ దేశాన్ని 36 వాతావరణ విభాగాలుగా చేసుకుంది. తెలంగాణ, కోస్తాంధ్ర, రాయలసీమ వాటిలో మూడు. రాష్ట్రం రాకముందు నుంచీ ఆ పేర్లున్నాయి. అసలు ఫైల్ మన ప్రభుత్వ పోర్టల్లోదే. ఎవరో అక్కడి నుంచి తీసి తమ ఖాతాలో పెట్టుకున్నారు, పెట్టేటప్పుడు ఆ వివరణ వదిలేశారు. అందుకే నా షీట్లో ‘ఎక్కడ దొరికింది’ అనే గడి పక్కన ‘అసలు ఎవరిది’ అనే గడి వేరే పెట్టాను. రెండూ ఒకటే అయితే మంచిది, కాకపోతే అసలుదాని దాకా వెళ్లమని పిల్లలకు చెబుతాను.

నీళ్ల సంగతి ఇంకా చిత్రం. భూగర్భ జల పట్టికల్లో రాసేది నీటి ఎత్తు కాదు, నేల మట్టం నుంచి నీళ్ల దాకా ఉన్న లోతు, మీటర్లలో. ఒక బావిలో నిరుడు మే నెలలో 8 ఉండి ఈ మేలో 11 అయితే నీళ్లు మూడు మీటర్లు అడుక్కు పోయాయని అర్థం. ఎక్సెల్‌కి ఆ సంగతేం తెలుసు? 11ని 8 కన్నా పైన గీస్తుంది. గీత పైకి పోతోంది కాబట్టి ‘పెరిగిన జలమట్టం’ అని హెడ్డింగ్ పెట్టిన వార్తలు చూశాను. మీ పత్రికలో అనడం లేదు. మా కుర్రాళ్లు ఇద్దరు ఇదే పట్టికతో గ్రాఫ్ గీసుకుని ఉత్సాహంగా వచ్చారు. వానలు పడ్డాక నీళ్లు తగ్గుతున్నాయి, ఎండాకాలంలో పెరుగుతున్నాయి, ఇది కొత్త విషయం మేడమ్, ఎవరూ రాయలేదు అన్నారు. ఇద్దరూ రైతుల పిల్లలే. “ఎండాకాలంలో మీ బోరు ఎట్ల పోస్తదిరా?” అని అడిగితే అప్పుడు నవ్వుకున్నారు. ఇంట్లో తెలిసిన విషయం స్క్రీన్ మీద అంకె కనిపించేసరికి మర్చిపోయారు.

అదే పట్టికలో ఇంకో మెలిక ఉంది. బావి పూర్తిగా ఎండిపోతే కొలవడానికి నీళ్లుండవు, ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. సగటు తీసేటప్పుడు ఖాళీ గడి లెక్కలోకి రాదు. అంటే ఎక్కువ బావులు ఎండిన ఏడాది సగటు కాస్త బాగున్నట్టే కనిపించవచ్చు. కరువు ముదిరేకొద్దీ గ్రాఫ్ శాంతించడం చూసి మోసపోకూడదు. అందుకని మా షీట్లో ఈ డేటాసెట్ దగ్గర గమనిక గడిలో రెండు వాక్యాలు రాసి ఉంచాను: అంకె పెరిగితే నీళ్లు తగ్గినట్టు, సగటుతో పాటు ఎన్ని బావులు కొలిచారో కూడా రాయాలి. క్యాటలాగ్ అంటే లింకుల జాబితా అనుకునేవాళ్లకు ఈ గమనిక గడి చూపిస్తుంటాను.

ఇక జిల్లాల గొడవ. దీన్ని మించిన టెన్షన్ నా పనిలో లేదు. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అంటే 64 మండలాల జిల్లా, జనాభా 40 లక్షల పైమాట. 2016 దసరా రోజున తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. మన జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. షాద్‌నగర్ వైపు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపు వికారాబాద్‌లోకి పోయాయి. 2019 ఫిబ్రవరిలో ములుగుతో పాటు నారాయణపేట కూడా వేరైంది. పేరు మాత్రం అదే మహబూబ్‌నగర్. 2011 వరుస పక్కన 2020 వరుస పెట్టి జిల్లాలో పత్తి సాగు పడిపోయింది, బడి పిల్లలు తగ్గిపోయారు అని రాస్తే అది సాగు తగ్గడం కాదు, జిల్లా చిన్నదవడం. ఆంధ్రలోనూ 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అనంతపురం అంకెలు చూసేవాళ్లకూ ఇదే తిప్పలు, హిందూపురం వైపు శ్రీ సత్యసాయి జిల్లా అయింది కదా.

పేర్లతో వెతికితే ఇంకో చిక్కు. జనాభా లెక్కల వాళ్ల ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి, రాష్ట్ర శాఖల స్పెల్లింగ్ ఇంకొకటి. ఒక అక్షరం తేడా వస్తే కంప్యూటర్ రెండు జిల్లాలనుకుంటుంది. కోడ్ పట్టుకుంటే ఈ బాధ ఉండదు. 2011 జనాభా లెక్కల్లో మన జిల్లా కోడ్ 538, ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంది. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊళ్లకూ, మండలాలకూ, కొత్త జిల్లాలకూ ఎప్పటికప్పుడు కోడ్‌లు ఇస్తారు. అందులో ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36. ఊరు ఏ జిల్లాలోకి మారినా ఊరి కోడ్‌తో రెండు పట్టికల్నీ కలిపి చూడొచ్చు. మీ డెస్క్‌లో డేటా చూసేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు ముందు ఈ డైరెక్టరీ చూపించండి.

సంవత్సరాల సంగతి టూకీగా చెబుతాను. ‘2015-16’ అని రాసి ఉంటే బడ్జెట్ పట్టికలో అది ఏప్రిల్ నుంచి మార్చి, దేశవ్యాప్త పంట లెక్కల్లో జూలై నుంచి జూన్, నీటి సంవత్సరమంటే జూన్ నుంచి మే. ఒకే పేజీలో మూడూ పెట్టి కరువు ఏడాదిలో ఇలా జరిగిందని రాస్తారు. ఎకరాలు, హెక్టార్ల సంగతి మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. అయినా ఒకసారి చూసుకోండి.

ఇంత విసుగులోనూ నాకు సంతోషం కలిగించిన డేటా ఒకటుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో దేశంలో ఆరు ఊళ్లను ఎంచుకుని, ఒక్కో ఊళ్లో నలభై కుటుంబాల సాగు, కూలి, అప్పు, తిండి, అన్నీ ఏళ్ల తరబడి రాసిపెట్టింది. ఆ నలభైలో పది భూమిలేని కుటుంబాలు. ఆరు ఊళ్లలో రెండు మన పాలమూరువే, ఔరేపల్లె, డోకూర్. ఔరేపల్లె ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లిందనుకోండి. పేద రైతు కరువును ఎలా తట్టుకుంటాడన్న విషయం మీద ప్రపంచంలో పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు రాసిన వ్యాసాలకు ఈ ఊళ్ల అంకెలే ముడిసరుకు. డోకూర్ దేవరకద్ర మండలంలో ఉంది, మా కాలేజీకి అటువైపు నుంచి బస్సులో వచ్చే పిల్లలున్నారు. ఎవరికీ తెలియదు. నాకూ ఈ పని మొదలుపెట్టేదాకా తెలియదు. ఇక్రిశాట్ వాళ్లదే జిల్లాల పట్టిక ఇంకొకటి ఉంది, 1966 నుంచి పంటలు, వానలు, కూలి రేట్లు. అందులో ఒక రకం పట్టికను 1966 నాటి జిల్లా సరిహద్దులకే సరిచేసి ఇస్తారు. తర్వాత పుట్టిన ప్రకాశం, రంగారెడ్డి, విజయనగరం లాంటి జిల్లాల అంకెల్ని మళ్లీ పాత జిల్లాలకు పంచేస్తారు. పైన చెప్పిన గొడవకు వాళ్లు వెతుక్కున్న దారి అది. దీర్ఘకాలం పోలిక చేయాలంటే పిల్లలకు ముందు అదే చూపిస్తున్నాను.

దొరికిందల్లా క్యాటలాగ్‌లో పెట్టకూడదు కూడా. ఎక్సెల్ ఫైళ్లు వెతుకుతుంటే ఒకసారి ఏదో పథకం లబ్ధిదారుల జాబితా తగిలింది. పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, అన్నీ ఉన్నాయి. ఏ ఆఫీసుదో చెప్పను. వాళ్లకు మెయిల్ రాశాను, ఫైల్ తీసేశారు, జవాబు మాత్రం రాలేదు. డౌన్‌లోడ్ అయినంత మాత్రాన ఓపెన్ డేటా అయిపోదు. మనుషుల వివరాలున్నదీ, లైసెన్స్ ఏమిటో తెలియనిదీ నా షీట్లో ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసుకునే ఉచిత పటం) లాంటివి వాడితే దాని పేరు చెప్పాలి, దాన్ని మార్చి కొత్త డేటాబేస్‌గా బయటపెడితే అదే లైసెన్స్ కింద పెట్టాలి. ఇలాంటివి పిల్లలకు ముందే చెప్పాలి, ప్రాజెక్టు అయిపోయాక చెప్పి లాభం లేదు.

లింకులు ఎంతకాలం బతుకుతాయో ఎవరూ చెప్పలేరు. రాష్ట్రం విడిపోయినప్పుడు, కొత్త జిల్లాలు వచ్చినప్పుడు, ఆఫీసు వెబ్‌సైట్ కాంట్రాక్టు మారినప్పుడు పాత చిరునామాలు పోతాయి. అందుకే ఏ లింక్ ఎక్కించినా దాన్ని, వెబ్ పేజీల నకళ్లు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో కూడా దాచి, ఆ రెండో లింక్, చూసిన తేదీ పక్కనే రాస్తాను. అలా దాచినవాటిలో కొన్ని ఇప్పుడు అసలు చోట లేవు.

ఇప్పుడు మీతో అసలు పని. మీ పత్రికలో అంకెలతో వార్త వేసినప్పుడు, గ్రాఫ్ కింద ఒక్క వరుస చిన్న అక్షరాల్లో వేయండి: ఏ శాఖ, ఏ పట్టిక, ఏ కాలానికి, ఏ తేదీన చూశారు. చోటుంటే ఒక క్యూఆర్ కోడ్. అడ్రస్ వేయడానికి చోటు లేదనకండి, పెళ్లిపత్రికల మీద కూడా క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. ఆ ఒక్క వరుస ఉంటే రోజూ మీ పేపర్ చదివే ఎన్నో ఇళ్లలో డిగ్రీ పిల్లలు, పోటీ పరీక్షల వాళ్లు, స్థానిక నాయకులు, సర్పంచులు ఆ పట్టిక తెరిచి తమ మండలం వరుస చూసుకుంటారు. మీ విలేకరికి కూడా మంచిదే. పొరపాటు ఉంటే ముందు పాఠకుడే చెబుతాడు.

క్యాటలాగ్ ఒక కాలేజీ లైబ్రేరియన్ ఎక్సెల్ షీట్లో ఉండాల్సింది కాదని నా అభిప్రాయం. నేను రిటైరైతే దాన్ని తెరిచేవాళ్లుండరు. ఇది జిల్లా కేంద్ర గ్రంథాలయాల పని. ఇంటి పన్నుతో పాటు ఎనిమిది శాతం గ్రంథాలయ సెస్సు మనందరం కడుతున్నాం. ఆ డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకాలు కొంటున్నారు, రీడింగ్ హాళ్లు కడుతున్నారు, సంతోషం. జిల్లాకు ఒక మనిషిని పెట్టి, ఆ జిల్లాకు సంబంధించిన డేటాసెట్ల జాబితాను తెలుగులో తయారు చేయించి, మూడు నెలలకోసారి లింకులు సరిచూయిస్తే ఎంత ఖర్చవుతుంది? డేటా క్యాటలాగ్‌కి ఏయే గడులుండాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు, 2014 నుంచి డీక్యాట్ అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. దానికి రెండు గడులు కలపాలని మాత్రం నా సలహా. ఒకటి తెలుగు పేరు, జనం వెతికే మాటలతో: బోరు నీళ్లు, వానలెక్క, కూరగాయల రేటు, కరెంటు వాడకం. రెండోది ఇందాక చెప్పిన గమనిక. గ్రంథాలయ శాస్త్రం చదివి ఉద్యోగాలు లేక ప్రైవేటు స్కూళ్లలో పనిచేస్తున్న పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఈ పని వాళ్లు బ్రహ్మాండంగా చేస్తారు. పాఠకుడి సమయం వృథా చేయకూడదని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన సూత్రం చదివే కదా వాళ్లంతా పరీక్ష పాసయ్యారు.

చివరగా మీ పాఠకులకు ఒక విన్నపం. ఆన్‌లైన్‌లో ఎంత వెతికినా దొరకనివి కొన్ని ఉన్నాయి. జిల్లా ప్రణాళిక అధికారి కార్యాలయం ఏటా వేసే హ్యాండ్‌బుక్ ఆఫ్ స్టాటిస్టిక్స్ పాత సంచికలు నా దగ్గర వరుసగా లేవు. ముఖ్యంగా 1985లో మండలాలు రాకముందువి, తాలూకాల వారీగా అంకెలున్నవి కావాలి. గణాంక శాఖలోనో, రెవెన్యూలోనో పనిచేసి రిటైరైనవారి ఇళ్లలో, పాత లెక్చరర్ల అటకల మీద అవి ఉండే అవకాశం ఉంది. పాత కాగితాలవాడికి వేసేముందు ఒకసారి అట్ట చూడండి. మహబూబ్‌నగర్‌తో పాటు నల్లగొండ, కర్నూలు జిల్లాలవైనా సరే. మీ పత్రిక జిల్లా కార్యాలయంలో నా చిరునామా ఉంది, అక్కడ ఇస్తే నాకు చేరుతుంది. స్కాన్ చేసుకుని పుస్తకం భద్రంగా తిరిగి ఇస్తాను. స్కాన్ కాపీ ఎవరు అడిగినా పంపిస్తాను. చెదలు పట్టినవైనా ఫర్వాలేదు, అంకెలున్న పేజీలు నిలిచి ఉంటే చాలు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల గ్రంథపాలకురాలు,
మహబూబ్‌నగర్